‘ఈజియర్ టు రీడ్’ తప్పని చెప్పే సూత్రానికి ఖండన

ఇంగ్లిష్ నేర్చుకునేవారి మధ్య చాలాకాలంగా ఒక సూత్రం చేతులు మారుతూ వస్తోంది. దాని సారాంశం ఇది: విశేషణం కంపారిటివ్ డిగ్రీలో (పోలిక తెలిపే రూపంలో) ఉంటే దాని వెంట ‘దాన్’ మాత్రమే రావాలి, ‘టు’తో మొదలయ్యే క్రియ, అంటే ఇన్ఫినిటివ్, రాకూడదు, కాబట్టి ‘దిస్ బుక్ ఈజ్ ఈజియర్ టు రీడ్ దాన్ దట్ వన్’ అనే వాక్యం తప్పు. వాడక తప్పకపోతే, పుస్తకం తనంతట తాను చదవదు గనుక, ‘ఈజియర్ టు బి రెడ్’ అని కర్మణి ప్రయోగంలో రాయాలి. ‘బెటర్’ తర్వాత ‘టు’ అసలే రాదు. ‘దాన్’ తర్వాత క్రియ వస్తే దానికి ‘ఇంగ్’ చేర్చి తీరాలి. వాక్యం చివర ప్రిపోజిషన్ (‘ఆన్’, ‘టు’ వంటి పదం) మిగిలితే కొట్టివేయాలి. వీటిలో ఒక్కటీ నిలబడదు. అయితే కొన్నింటి వెనుక చిన్న నిజం దాగి ఉంది. దాన్ని వేరుచేసి చూపకుండా మొత్తాన్ని తోసిపుచ్చితే చదివినవారి సందేహం తీరదు.

మొదటి మాట దగ్గరే అసలు పొరపాటు జరిగింది. ‘ఈజియర్’ అనే పదంలో రెండు అంశాలున్నాయి. చివరనున్న ‘అర్’ ప్రత్యయం (పొడవైన విశేషణాల్లో ముందు వచ్చే ‘మోర్’) దేనితో పోలుస్తున్నామో చెప్పమంటుంది. ఆ జవాబు ‘దాన్’ తెస్తుంది. లోపలున్న ‘ఈజీ’ అనే విశేషణం ఏ పనికి తేలికో చెప్పమంటుంది. ఆ జవాబు ఇన్ఫినిటివ్ తెస్తుంది. ఒకటి మరొకదానికి అడ్డు కాదు. ‘ఈజీ టు రీడ్’ సరైనదైతే ‘ఈజియర్ టు రీడ్’ కూడా సరైనదే, ఎందుకంటే డిగ్రీ మారినంత మాత్రాన విశేషణానికి ఉన్న పాత సంబంధాలు తెగిపోవు. ఇదేమీ కొత్తగా పుట్టిన వాడుక కూడా కాదు. 1611లో వెలువడిన కింగ్ జేమ్స్ బైబిల్ అనువాదంలో, ధనవంతుడు దేవుని రాజ్యంలో ప్రవేశించడం కంటే సూదిబెజ్జంలో ఒంటె దూరడం సులభమని చెప్పే వాక్యం ‘ఇట్ ఈజ్ ఈజియర్ ఫర్ ఎ క్యామెల్ టు గో త్రూ ది ఐ ఆఫ్ ఎ నీడిల్, దాన్ ఫర్ ఎ రిచ్ మ్యాన్ టు ఎంటర్’ అంటూ సాగుతుంది. అందులో ‘ఈజియర్’కూ ‘దాన్’కూ మధ్య ఒంటె, సూది, ఇన్ఫినిటివ్ అన్నీ ఇమిడిపోయాయి.

డిగ్రీ మారినా పాత సంబంధాలు తెగవన్న ఈ వాదన రెండో వైపు నుంచి కూడా నిలుస్తుందా అని పరీక్షించుకోవచ్చు. ‘ఓల్డ్ ఇనఫ్ టు వోట్’ అన్నప్పుడు ఇన్ఫినిటివ్‌ను తెచ్చింది ‘ఓల్డ్’ కాదు, ‘ఇనఫ్’. ‘ఓల్డ్ టు వోట్’ అని ఎవరూ అనరు, కనుక ‘ఓల్డర్ టు వోట్’ కూడా చెల్లదు. అంటే చూడవలసింది విశేషణం ఏ డిగ్రీలో ఉందని కాదు, దాని మూలరూపం ఇన్ఫినిటివ్‌ను అంగీకరిస్తుందా లేదా అని.

మరి ఈ నిషేధం ఎక్కడి నుంచి వచ్చింది? నా ఊహ ఇది. ‘హి ఈజ్ ఎల్డర్ టు మీ’ అని రాసే విద్యార్థిని ఉపాధ్యాయుడు దిద్ది, ‘టు’ కాదు, ‘ఓల్డర్ దాన్ మీ’ అనాలని చెబుతాడు. ఆ దిద్దుబాటు నూటికి నూరుపాళ్లూ సరైనదే. లాటిన్ నుంచి వచ్చిన ‘సీనియర్’, ‘జూనియర్’, ‘సుపీరియర్’, ‘ఇన్ఫీరియర్’ వంటి కొన్ని పాత కంపారిటివ్‌లు మాత్రమే పోలికకు ‘టు’ను తీసుకుంటాయి, మిగిలినవి ‘దాన్’ను తీసుకుంటాయి. కానీ అక్కడి ‘టు’ నామవాచకం ముందు వచ్చే ప్రిపోజిషన్; ‘టు రీడ్’లోని ‘టు’ క్రియకు గుర్తు. రూపం ఒకటే గాని పని వేరు. మొదటి ‘టు’కు వేసిన శిక్షను ఎవరో రెండో ‘టు’ మీద కూడా రుద్దారు.

కర్మణి ప్రయోగం వాదన వినడానికి తర్కబద్ధంగా ఉంటుంది, అందుకే అది అన్నిటికన్నా ప్రమాదకరమైనది. దీనికి తెలుగులోనే జవాబు ఉంది. ‘ఈ పుస్తకం చదవడానికి తేలిక’ అంటాం, ‘చదవబడడానికి తేలిక’ అని ఎవరమూ అనం. పుస్తకమే కూర్చుని చదువుతుందని ఆ మాట విన్న ఏ తెలుగువాడూ అనుకోడు. ఇంగ్లిష్ కూడా అంతే. చదివేవాడు వాక్యంలో కనిపించకపోయినా అర్థంలో ఉంటాడు, చదవబడే వస్తువు కర్త స్థానంలో కూర్చుంటుంది. అందుకే చివర మళ్ళీ ‘ఇట్’ చేర్చి ‘ఈజియర్ టు రీడ్ ఇట్’ అనడం కూడా తప్పవుతుంది.

ఈ విషయాన్ని 1960లలో అమెరికన్ భాషాశాస్త్రవేత్త నోమ్ చామ్‌స్కీ ఒక జంట ఉదాహరణతో ప్రసిద్ధం చేశాడు: ‘జాన్ ఈజ్ ఈజీ టు ప్లీజ్’, ‘జాన్ ఈజ్ ఈగర్ టు ప్లీజ్’. పైకి రెండూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. మొదటిదానిలో సంతోషపెట్టేది ఇతరులు, సంతోషపడేది జాన్. రెండోదానిలో సంతోషపెట్టాలని ఉబలాటపడేది జానే. ‘ఈజియర్’, ‘మోర్ ఈగర్’ అని మార్చినా ఈ తేడా చెక్కుచెదరదు. ఏ విశేషణం ఏ జట్టుకు చెందినదో తెలుసుకోవాలంటే వాక్యాన్ని ‘ఇట్ ఈజ్’తో మొదలుపెట్టి, కర్తను చివరికి పంపి చూడాలి. ‘ఇట్ ఈజ్ ఈజియర్ టు రీడ్ దిస్ బుక్’ బాగానే ఉంది, కాబట్టి ‘బి రెడ్’ అక్కరలేదు. ‘ఇట్ ఈజ్ మోర్ లైక్లీ టు రీడ్ దిస్ బుక్’ అనేది, ఈ పుస్తకాన్ని ఎవరైనా చదివే అవకాశం ఎక్కువ అనే అర్థంలో చెల్లదు, కాబట్టి ‘దిస్ బుక్ ఈజ్ మోర్ లైక్లీ టు బి రెడ్’ అని కర్మణిలోనే రాయాలి. ఖండిస్తున్న సూత్రంలోని చిన్న నిజం ఇదే: కర్మణి అవసరమైన చోట్లు ఉన్నాయి, అయితే ‘ఈజీ’, ‘హార్డ్’, ‘డిఫికల్ట్’ వాటిలో లేవు.

న్యాయంగా మరొకటి కూడా చెప్పాలి. పైన చెప్పిన 1611 అనువాదంలోనే సామెతల గ్రంథంలో, మనసు నొచ్చుకున్న సోదరుణ్ణి గెలుచుకోవడం బలమైన నగరాన్ని గెలవడం కన్నా కష్టమనే చోట ‘హార్డర్ టు బి వన్ దాన్ ఎ స్ట్రాంగ్ సిటీ’ అని ఉంది. ఆనాటి ఇంగ్లిష్‌లో ఈ కర్మణి రూపం చెల్లుబాటైంది. ఇప్పటి వాడుకలో అది పాతబడింది. పాతదాన్ని చూసి ముచ్చటపడవచ్చు గాని, నేటి విద్యార్థికి నియమంగా నేర్పకూడదు.

‘బెటర్’ గురించిన మాటకు మూలం ‘హాడ్ బెటర్’ అనే జాతీయం. ‘యు హాడ్ బెటర్ గో’ అన్నప్పుడు ‘టు’ రాదన్నది నిజం. కానీ అది పోలిక కాదు, నువ్వు వెళ్లడం మంచిదన్న హెచ్చరికతో కూడిన సలహా. అక్కడ ‘హాడ్ బెటర్’ మొత్తం ‘షుడ్’ లాగా సహాయక క్రియ పని చేస్తుంది. మామూలు విశేషణంగా ఉన్నప్పుడు ‘ఇట్ ఈజ్ బెటర్ టు గో’ అని ‘టు’తోనే రాయాలి. ఇక ‘షి నోస్ బెటర్ దాన్ టు బిలీవ్ దట్’ అనే వాక్యంలో ‘దాన్’ తర్వాత ‘టు’ తప్పనిసరి. అది నమ్మేంత అమాయకురాలు కాదని దాని భావం.

ఈ చివరి ఉదాహరణతోనే ‘ఇంగ్’ నియమం కూలిపోతుంది. ఇలాంటి జాతీయాలను పక్కన పెడితే, ‘దాన్’ తర్వాతి రూపాన్ని నిర్ణయించేది ‘దాన్’ కాదు, దాని ముందున్న రూపం. ముందు ‘టు గివ్’ ఉంటే తర్వాత ‘టు రిసీవ్’, ముందు ‘గివింగ్’ ఉంటే తర్వాత ‘రిసీవింగ్’. ‘ఇట్ ఈజ్ ఈజియర్ టు క్రిటిసైజ్ దాన్ క్రియేట్’ అని రెండో ‘టు’ను వదిలేసేవారూ ఉన్నారు, అదీ తప్పు కాదు; జోడు కుదరకుండా ‘టు క్రిటిసైజ్ దాన్ క్రియేటింగ్’ అని రాస్తే మాత్రం చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది.

ప్రిపోజిషన్‌ను వాక్యం చివర ఉంచడాన్ని 1672లో ఆంగ్ల కవి జాన్ డ్రైడెన్ తప్పుపట్టాడు. ఇంగ్లిష్ మాట్లాడేవారు ఆయన మాటను పెద్దగా లెక్కచేయలేదు. కంపారిటివ్ దగ్గరకు వచ్చేసరికి ఆ నియమం పాటిస్తే వాక్యమే విరిగిపోతుంది. ‘దిస్ చైర్ ఈజ్ మోర్ కంఫర్టబుల్ టు సిట్ ఆన్’ అన్నప్పుడు ‘ఆన్’ లేకపోతే కుర్చీకీ కూర్చోవడానికీ మధ్య లంకె తెగిపోతుంది. ‘కూర్చోవడానికి హాయిగా ఉంటుంది’ అని తెలుగులో ‘మీద’ లేకుండానే సరిపెట్టుకుంటాం గనుక, ‘ఆన్’ను వదిలేయడం మనకు సులువుగా అలవాటవుతుంది. ‘ఈజియర్ టు టాక్ టు’ అనే పదబంధంలో మొదటి ‘టు’ ఇన్ఫినిటివ్‌ది, చివరి ‘టు’ ప్రిపోజిషన్. ‘హి ఈజ్ ఈజియర్ టు టాక్ టు దాన్ హిజ్ బ్రదర్’ అన్నప్పుడు ఆ రెండూ ఉండాలి, వాటి తర్వాత ‘దాన్’ కూడా ఉండాలి.