డిపోలో మేనేజ్‌మెంట్ అంటే డ్యూటీ చార్టే

తెల్లవారుజామున నాలుగింటికి ఏ ఆర్టీసీ డిపోకి వెళ్లినా డ్యూటీ చార్ట్ ముందు నలుగురైదుగురు నిలబడి ఉంటారు. తమకు ఏ రూటు పడింది, ఏ బండి పడింది, తోడు ఎవరు వస్తున్నారు అని వేలు పెట్టి వెతుక్కుంటారు. ఆ రోజు ఇంటికి ఎన్నింటికి చేరతారో, రాత్రి ఏ ఊళ్లో పడుకోవాలో ఆ ఒక్క వరుసలో తేలిపోతుంది.

మేనేజ్‌మెంట్ అనగానే మనకు ఎండీలు, పెద్ద ఆఫీసులు గుర్తొస్తాయి. డ్రైవర్‌కీ కండక్టర్‌కీ మాత్రం సంస్థ అంటే కిటికీ అవతల కూర్చుని డ్యూటీలు వేసే సూపర్‌వైజరే. ఆయన పని తీరు రెండు విషయాల్లో తెలిసిపోతుందని నా నమ్మకం: కష్టమైన డ్యూటీలు ఎలా పంచుతున్నాడు, ‘కుదరదు’ అన్న మాట ఎలా చెబుతున్నాడు.

ముందు పంపకం సంగతి. పల్లెలో బస్సు ఆపుకుని అక్కడే పడుకుని పొద్దున్నే మొదటి ట్రిప్పు తీసుకొచ్చే నైట్ అవుట్ డ్యూటీ ఎవరికీ ఇష్టం ఉండదు. గట్టిగా అడిగేవాళ్లకు అది తప్పిపోతుంది, నోరు లేనివాళ్ల మీద పడుతుంది. 1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని అని గీత గీసింది. ఒక రోజు డ్యూటీ దిగడానికీ, మర్నాడు ఎక్కడానికీ మధ్య కనీసం 9 గంటల విశ్రాంతి ఉండాలంది. కానీ ఆ గంటలు ఎవరికి దక్కుతున్నాయో, ఎవరికి దక్కడం లేదో చూడాల్సింది చార్ట్ వేసే మనిషే.

చిన్నప్పుడు నాన్నకి క్యారేజీ ఇవ్వడానికి డిపోకి వెళ్లేవాణ్ని. అక్కడి సూపర్‌వైజర్ గారి దగ్గర పొడవాటి నోటు పుస్తకం ఉండేది. నెలలో ఎవరికి ఎన్ని నైట్ అవుట్‌లు పడ్డాయో పేరు పక్కన ఎర్ర సిరాతో గీతలు. ‘సార్, నాకే ఎందుకు?’ అని ఎవరైనా వస్తే పుస్తకం అటు తిప్పి కిటికీలో పెట్టేవారు. ‘చూడు నాయనా, నీకు నాలుగు, అతనికి ఆరు.’ అడిగినాయన గీతలు లెక్కపెట్టుకుని, సంచి భుజాన వేసుకుని బండి దగ్గరికి వెళ్లిపోయేవాడు. సెలవు ఇవ్వలేనప్పుడు ఆ మాట కిటికీలోంచి అనేవారు కాదు. లేచి బయటికొచ్చి, ‘ఈ శుక్రవారం ఇద్దరు పెళ్లిళ్లకి పోతున్నారయ్యా, సోమవారం ఇస్తా’ అనేవారు. సోమవారం ఇచ్చేవారు కూడా. ఇన్నేళ్ల తర్వాత కూడా మా నాన్న ఆయన పేరు చివర గారు తీయరు.

అంకెల విషయంలోనూ ఇదే న్యాయం కావాలి. లీటరు డీజిల్‌కి ఎన్ని కిలోమీటర్లు తీశాడన్న కేఎంపీఎల్‌తో డ్రైవర్లను తూచడం డిపోల్లో మామూలే. డీజిల్ ఆదా చేయాల్సిందే, అందులో తప్పు లేదు. కానీ పాడేరు ఘాట్ ఎక్కే బండినీ, విజయవాడ హైవే మీద పోయే బండినీ పక్కపక్కన పెట్టి ఫలానావాడు వెనకబడ్డాడంటే ఎలా? అదే రూట్లో, అదే బండి మీద మరో డ్రైవర్ ఎంత తీస్తున్నాడో చూసి, ఒక ట్రిప్పు పక్క సీట్లో కూర్చుని వెళ్తే లోపం క్లచ్చులో ఉందో కాలిలో ఉందో తేలుతుంది. మెమో ఇవ్వాలో, బండిని గ్యారేజీకి పంపాలో అప్పుడు నిర్ణయించుకోవచ్చు.

మహిళలకు ఉచిత ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబర్ 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైంది. మంచి పథకమే, ఎందరో ఆడవాళ్లకు ఊరు దాటే వీలు దొరికింది. అయితే కండక్టర్ పని మారిపోయింది. కిక్కిరిసిన బస్సులో గుర్తింపు కార్డు చూడాలి, డబ్బు తీసుకోకుండా ఇచ్చే జీరో టికెట్ కొట్టాలి, సీట్ల కోసం గొడవైతే సర్దాలి. డ్యూటీ దిగగానే ‘కలెక్షన్ ఎంత?’ అనే పాత ప్రశ్న ఒక్కటే వేస్తే అతను పడ్డ టెన్షన్ లెక్కలోకే రాదు. ‘దారిలో ఏమైనా గొడవైందా?’ అని ముందు అడగాలి. ఆ జవాబుల్లోంచే ఏ రూట్లో, ఏ టైముకి ఇంకో బస్సు వేయాలో తెలుస్తుంది.

ఇదంతా సూపర్‌వైజర్ మీదే తోసేయడం కూడా అన్యాయం. చాలామంది నిన్నటిదాకా కండక్టర్లుగా తిరిగినవాళ్లే. ప్రమోషన్ రాగానే పక్కన టీ తాగిన మనిషికే మెమో రాయాలి. అది ఎలా చేయాలో కూర్చోబెట్టి నేర్పేవాళ్లుండాలి. 2020 జనవరి 1 నుంచి ఏపీఎస్‌ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. జీతం ఇచ్చేది ఎవరన్నది మారినంత మాత్రాన కిటికీ దగ్గర పద్ధతి దానంతటది మారిపోదు.

అన్నిటికన్నా ముందు ఆయన చేతిలో మనుషులుండాలి. రోజుకి ఇద్దరు స్పేర్ డ్రైవర్లున్నా సరే, రాత్రి పదకొండింటికి జ్వరమని ఫోన్ చేసినవాడికి ‘పడుకో, నేను చూసుకుంటా’ అని చెప్పగలడు. స్పేర్ లేకపోతే ఆ మాట అన్నందుకు ట్రిప్పు క్యాన్సిల్ అవుతుంది, దానికి పొద్దున్నే ఆయనే సంజాయిషీ ఇవ్వాలి. ‘ఎలాగోలా వచ్చెయ్యి’ అంటాడు. ఒళ్లు కాలిపోతున్న మనిషి యాభై మందిని ఎక్కించుకుని స్టీరింగ్ పడతాడు.