ఆరు సూట్లు, ఒక మైకు

మొన్న శనివారం లండన్‌లో ఓ చర్చికి వెళ్లాను. జర్మన్ స్వరకర్త బాఖ్, చెల్లో అనే పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం ఒక్కదాని కోసం రాసిన ఆరు సూట్లూ, అంటే నాట్య బాణీల గుచ్ఛాలు, ఒకే సాయంత్రం వాయిస్తారట. (ఫోన్లో ఈ మాట చెబితే మా అమ్మ "ఒక్కడికి ఆరు సూట్లెందుకురా" అంది.) సూట్‌కి ఆరు భాగాల చొప్పున 36 భాగాలు, వాయించేది ఒక్కడే, తక్కువలో తక్కువ రెండు గంటల పని. మన కళాకారుడికి పాపం ఆ కష్టం చాల్లేదు, మైకు కూడా తెచ్చుకున్నాడు.

మొదటి సూట్‌కి ముందు, 1890లో 13 ఏళ్ల కసాల్స్‌కి (తర్వాత పెద్ద చెల్లో విద్వాంసుడయ్యాడు) బార్సిలోనా కొట్లో ఈ సూట్ల స్వరాల పుస్తకం దొరికిన కథ. టికెట్ కొని వచ్చినవాళ్లలో అది తెలియనివాడెవడు? రెండోదానికి ముందు తన విడాకులు. మూడోదానికి యోగా. నాలుగోదానికి మళ్లీ విడాకులే, ఈసారి లాయరు ఫీజుతో సహా. హరిదాసు పిట్టకథ చెబితే కునికేవాడు లేచి కూర్చుంటాడు, ఇక్కడ మేలుకుని ఉన్నవాళ్లు కునికారు.

అయిదోదానికి పై తీగని ఎ స్వరం నుంచి ఒక మెట్టు కింద ఉన్న జికి దించి శ్రుతి చేసుకోవాలి. అర నిమిషం పని. ఈయన బిరడా తిప్పుతూ "జీవితంలో మనమూ ఒక మెట్టు దిగాలి" అన్నాడు, తీగ జారింది, మళ్లీ బిగించాడు, దిగడం గురించి మళ్లీ మొదట్నుంచి చెప్పాడు, తీగ మళ్లీ జారింది. తీగకున్న సిగ్గు మనిషికి లేదు. నాకైతే చర్చి మెట్లు దిగి ఇంటికి పోదామనిపించింది.

సరే, ఇంతవరకూ నవ్వుకున్నాను. అందులో కూరాంట్ అనే భాగం అయ్యాక ఆపి, తర్వాత వచ్చే సరబాండ్ అనే నెమ్మది భాగంలో ఎంత దుఃఖం ఉందో వివరిస్తానన్నాడు చూడండి! నోరు మూయవయ్యా! తాళం లెక్కలో 20 బార్లు, స్వరాలు కలిపి మోగించే కార్డ్ ఒక్కటీ లేదు, ఒక స్వరం తర్వాత ఒక స్వరం, అంతే. ఈ చెల్లో సూట్లకి బాఖ్ చేతిరాత ప్రతి మనకి మిగల్లేదు. ఉన్నవి నకళ్లే, వాటిలో ముఖ్యమైనది భార్య అన్నా మాగ్దలేనా రాసినది, అందులో ఎన్ని స్వరాలు ఒక కమాను లాగుడులో కలపాలో కూడా సరిగ్గా తెలీదు. రాసినాయనే ఒక్క మాట చెప్పకుండా వదిలేసిన చోట నీ వ్యాఖ్యానం ఎవడడిగాడు? ఆ నిశ్శబ్దం నీ సొంత ఆస్తా?

ఆరోదానికి ముందు మైకు బ్యాటరీ అయిపోయింది. దేవుడున్నాడు, అది ఆయన ఇల్లే కదా. అయిదు తీగల వాయిద్యానికి రాసినదాన్ని నాలుగు తీగల మీద, చెయ్యి పైపైకి పాకిస్తూ, చెమటలు కక్కుతూ వాయించాడు. చాలా బాగా వాయించాడండీ, దుర్మార్గుడు.