కుండమార్పిడి చేసుకున్న రెండు మాటలు

సంస్కృత నిఘంటువు తెరిస్తే కృషి అంటే దున్నడం, సేద్యం. వ్యవసాయం అంటే పట్టుదల, గట్టి నిశ్చయం. భగవద్గీత రెండో అధ్యాయంలోని ‘వ్యవసాయాత్మికా బుద్ధి’కి పొలంతో పనిలేదు. తెలుగుకు వచ్చేసరికి ఈ రెండు మాటలూ కుండమార్పిడి చేసుకున్నాయి. పొలం పని వ్యవసాయమైంది, పట్టుదలతో చేసే ప్రయత్నం కృషి అయింది. హిందీవారికి కృషి ఇప్పటికీ పొలం పనే. వ్యవసాయం వాళ్లకు వృత్తి, వ్యాపారం.

ఈ మార్పిడిలో ఒక పాత సూక్తి అర్థమే మారిపోయింది. ‘కృషితో నాస్తి దుర్భిక్షం’ అని బడి గోడల మీద రాసి, కష్టపడితే లోటుండదని పిల్లలకు చెబుతుంటాం. కానీ దుర్భిక్షం అంటే కరువు. సేద్యం సాగే చోట కరువు ఉండదన్నది అసలు మాట. నాగలి గురించిన వాక్యం ర్యాంకుల నినాదమైంది.

అలాగని మాట దారి తప్పిందనను. నేలను దున్నే పని నుంచి మనసును తీర్చిదిద్దే పనికి మాట అరువు తెచ్చుకోవడం పాత అలవాటే. క్రీస్తుపూర్వం 45లో రోమన్ రచయిత సిసెరో తత్త్వచింతనను మనసుకు చేసే సేద్యం అన్నాడు. కల్చర్ అన్న మాటకు మూలం ఆయన వాడిన లాటిన్ పదమే. అరటి రైతు టిష్యూ కల్చర్ మొక్కలు అడుగుతాడు, ల్యాబులో మూత్రాన్ని కల్చర్‌కు పంపుతారు, పెళ్లి సంబంధాల దగ్గర మాత్రం కల్చర్ ఉన్న కుటుంబం కావాలంటారు!

ఈ చుట్టరికం అందరికీ రుచించలేదు. బెంగాలీలో కల్చర్‌కు బదులుగా ‘కృష్టి’ అనే మాట వాడేవారు. కృషికీ దానికీ ధాతువు ఒకటే. రవీంద్రనాథ్ ఠాగూర్‌కు అది గిట్టలేదు. మరాఠీ వాడుక నుంచి భాషావేత్త సునీతికుమార్ చటర్జీ తెచ్చి చూపిన ‘సంస్కృతి’ని మెచ్చుకున్నారు. చిత్రమేమిటంటే, కొడుకు రథీంద్రనాథ్‌ను 1906లో వ్యవసాయం చదవడానికి అమెరికాలోని ఇల్లినాయ్‌కి పంపిందీ, తన గ్రామాభివృద్ధి కేంద్రం శ్రీనికేతన్‌లో హలకర్షణ (నాగలితో దున్నే) ఉత్సవం మొదలుపెట్టిందీ ఆయనే. నాగలి అంటే చిన్నచూపు ఉన్న మనిషి కాదు. ‘కృష్టి’ అన్న మాటే చెవికి మొరటుగా తోచిందేమో.

మన దగ్గర ‘సాహిత్య కృషి’కి శాలువాలు కప్పుతారు. రైతు అనే అర్థంలో కృషీవలుడు పద్యాల్లో మిగిలాడు. పొలంలో వినిపించేవి సేద్యం, సాగు, తెలంగాణ పల్లెల్లో ఎవుసం. కవులు కృషిని తీసుకెళ్లినందుకు నాకు పేచీ లేదు. ఢిల్లీ పథకాల పేర్లను తెలుగు చేయకుండా దించడం దగ్గరే పేచీ. ‘కృషి సించాయీ యోజన’ అన్న బోర్డులో తెలుగు రైతుకు సాగునీరు కనిపించదు. 1974లో పుదుచ్చేరిలో మొదలై దేశమంతా విస్తరించిన కృషి విజ్ఞాన కేంద్రాల పేరూ అంతే. తెలియనివారికి పోటీ పరీక్షల శిక్షణ సంస్థలా వినిపిస్తుంది. విత్తనం, తెగులు, నేల గురించి సలహా ఇచ్చే చోటు అది. విశ్వవిద్యాలయాన్ని వ్యవసాయ విశ్వవిద్యాలయం అని చక్కగా పిలుచుకున్నవాళ్లం, దీన్ని సేద్య విజ్ఞాన కేంద్రం అనడానికి జంకెందుకు?