శ్రీశైలం డ్యామ్: ఒక నిష్పాక్షిక లెక్క

పెద్ద డ్యాములు మంచివా చెడ్డవా అని తూచేముందు తక్కెడ ఎవరి చేతిలో ఉందని అడగకూడదు. అది అభివృద్ధి నిరోధకుల లక్షణం. కాబట్టి మనం అడగకుండానే శ్రీశైలం లెక్క తేల్చేద్దాం.

ముందు లాభాలు. కుడిగట్టున 770 మెగావాట్లు, ఎడమగట్టున 900. సీమ పొలాలకు, చెన్నై కుళాయిలకు నీళ్లు. 885 అడుగులు నిండి గేట్లెత్తారంటే ఇక చూడాలి: కృష్ణమ్మకు చీర, పసుపు కుంకుమలతో నాయకుల జలహారతి, ఘాట్ రోడ్డంతా ట్రాఫిక్ జామ్, సెల్ఫీలు. కాదనడానికి లేదు. నేనూ ఫ్యాను కిందే కూర్చుని ఇది రాస్తున్నాను.

నష్టాలంటారా, ఉన్నాయి. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు, లక్ష మంది దాకా జనం. 1981లో ఇళ్లు కూలగొట్టి మరీ ఖాళీ చేయించారు. అలాగని సర్కారుకు మనసు లేదంటే కళ్లు పోతాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మునగనిచ్చారా? రాళ్లు విప్పి, అలంపురం మోసుకొచ్చి, మళ్లీ గుడిగా నిలబెట్టారు. మనుషుల ఊళ్లనూ అలాగే పేర్చమంటే ఎలా కుదురుతుంది? రాళ్లు పొలానికి పొలం అడగవు.

అయినా మనుషులకూ ఓ దారి చూపించారు. 1986లో జీవో 98 వచ్చింది: ముంపు కుటుంబానికో ఉద్యోగం. కొందరికి వచ్చింది కూడా. మిగిలినవాళ్లు కాలువల కాపలా చూసే లష్కర్ పోస్టైనా చాలంటూ, జిరాక్సులు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని కలెక్టరేట్ల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. అప్పటి కుర్రాళ్లకు ఇప్పుడు మనవలు. మధ్యలో రాష్ట్రం రెండు ముక్కలైంది. దాంతో తిరగడానికి రాజధానులూ రెండయ్యాయి. ఇది లాభాల పద్దులో వేయాలో, నష్టాల పద్దులో వేయాలో పెద్దలే చెప్పాలి.

అన్నట్టు, మొదట 308 టీఎంసీలు పట్టే జలాశయం పూడిక పేరుకుని 215కి దిగింది. నీళ్లకు చోటు తగ్గింది కదా, ఆ మేరకు భూమి వెనక్కి ఇస్తారా అని ఎవరైనా అడిగితే అది అమాయకత్వం.

ఇంత అనుభవం వృథా పోకూడదు. పోలవరం కింద లక్షకు పైగా కుటుంబాలు కదలాలి. శ్రీశైలం నిర్వాసితులను అక్కడికి పంపి ఓపిక మీద శిక్షణ తరగతులు పెట్టిస్తే సరి. జీవో 98 కింద ఉద్యోగాలు ఇచ్చినట్టూ ఉంటుంది.