రిటర్ను నింపిన చేయి ఎవరిది?

జులై వచ్చిందంటే బడి స్టాఫ్ రూముల్లో, బస్సు డిపోల్లో, ఆఫీసు క్యాంటీన్లలో ఆదాయపు పన్ను రిటర్నులు వేసిపెట్టే మనిషి ఫోను నంబరు ఒకటి చేతులు మారుతుంది. 'ఆయన వేస్తే రిఫండ్ వస్తుంది' అన్న మాటే ఆ నంబరుకు పెట్టుబడి. జీతం, అందులో కోసిన పన్ను వివరాలుండే ఫారం 16ను ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతారు. ఆదాయపు పన్ను పోర్టల్ పాస్‌వర్డ్, ఆ వెంటనే వచ్చిన ఓటీపీ కూడా చెప్పేస్తారు. కొద్దివారాల్లో ఖాతాలో డబ్బు పడుతుంది, అందులో పదో వంతు ఆయనకు వెళుతుంది. ఆ డబ్బు ఏ మినహాయింపు కింద వచ్చిందని అడిగేవారు అరుదు.

ఒక్కసారి లెక్క వేసి చూడండి. మినహాయింపులు ఎక్కువగా ఉండే పాత పన్ను విధానంలో 20 శాతం శ్లాబులో ఉన్న ఒక ఉపాధ్యాయిని పేరిట, ఆమె ఎన్నడూ ఇవ్వని లక్షన్నర రూపాయల రాజకీయ పార్టీ విరాళం చూపారనుకుందాం. సెస్సుతో కలిపి ఆమెకు వచ్చే రిఫండ్ 31,200 రూపాయలు, ఆయన కమీషన్ 3,120. అబద్ధం బయటపడితే ఆ 31,200 వడ్డీతో సహా వెనక్కి కట్టాలి. ఆదాయాన్ని తప్పుగా చూపినందుకు పన్నుకు రెట్టింపు, అంటే 62,400 రూపాయలు జరిమానా పడవచ్చు. కమీషన్ తీసుకున్న వ్యక్తి పేరు ఆ నోటీసులో ఎక్కడా ఉండదు.

అసలు ఆ నోటీసు ఆమెకు చేరుతుందన్న నమ్మకమూ లేదు. 2025 జులై 14న ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు చేపట్టినప్పుడు వెల్లడించిన విషయాల్లో మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టింది ఇదే. కొందరు మధ్యవర్తులు పెద్ద సంఖ్యలో రిటర్నులు వేయడానికి తాత్కాలిక ఈమెయిళ్లు సృష్టించి, పని అయ్యాక వాటిని వదిలేస్తున్నారు. శాఖ పంపే లేఖలు చదివే దిక్కులేక వాటిలోనే పడి ఉంటున్నాయి. అంతకుముందు నాలుగు నెలల్లోనే సుమారు 40,000 మంది తమ రిటర్నులు సవరించుకుని 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారు. వీరిలో ఎందరు తెలిసి చేశారో, ఎందరు నమ్మి మోసపోయారో వేరుచేసి చెప్పడం కష్టం. చట్టం దృష్టిలో మాత్రం ఇద్దరూ ఒకటే.

అలాగని అందరూ కంప్యూటర్ ముందు కూర్చుని సొంతంగా రిటర్ను వేసుకుంటే సరిపోతుందా? జీతం లేదా పెన్షన్, ఒక ఇల్లు, బ్యాంకు వడ్డీ మాత్రమే ఉండి ఆదాయం 50 లక్షలు దాటనివారికి చాలావరకు సరిపోతుంది. ప్రభుత్వ పోర్టల్‌లో రిటర్ను ఉచితం. వివరాలు చాలావరకు ముందే నింపి ఉంటాయి. మన ఆదాయం, లావాదేవీల గురించి శాఖకు అందిన వివరాలుండే వార్షిక సమాచార నివేదికను పక్కన పెట్టుకుని, మరచిపోయిన ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ లాంటివి చూసుకుంటే ఒక సాయంత్రం పని. దీనికోసం పాస్‌వర్డ్ పరాయివాడి చేతిలో పెట్టనక్కరలేదు.

కానీ సాఫ్ట్‌వేర్ చెప్పిందే చట్టం అనుకోవడమూ ప్రమాదమే. 2024 జులై 5న శాఖ తన ఫైలింగ్ సాఫ్ట్‌వేర్‌ను మార్చింది. షేర్ల స్వల్పకాలిక లాభాల మీద 87ఎ రాయితీ, అంటే ఆదాయం ఒక పరిమితి దాటనివారికి పన్నులో ఇచ్చే తగ్గింపు, కోరే వీలు అంతటితో పోయింది. ముందు రోజు రిటర్ను వేసినవారు కోరగలిగిన రాయితీని మర్నాడు వేసినవారు కోరలేకపోయారు. పన్ను నిపుణుల సంఘం బొంబాయి హైకోర్టుకు వెళ్తే తప్ప, డిసెంబరులో ఆ దారి తిరిగి తెరుచుకోలేదు. హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల సంగతే చూడండి. అమెరికా మాతృసంస్థ ఇచ్చిన షేర్లు అమ్మకపోయినా విదేశీ ఆస్తుల పట్టికలో చూపాలి. ఇలాంటి ఆస్తుల మొత్తం విలువ 20 లక్షలు దాటినప్పుడు వదిలేస్తే 2015 నాటి నల్లధనం చట్టం కింద పది లక్షల జరిమానా పడే అవకాశం ఉంది. అడగవలసిన ప్రశ్న ముందే ఊహించి అడిగేది అనుభవమున్న ఆడిటరే. ఆయనకిచ్చే ఫీజు దండుగ కాదు. చార్టర్డ్ అకౌంటెంట్ల వృత్తి నియమాలు ఇలాంటి పనికి శాతం లెక్కన ఫీజు తీసుకోవడాన్ని నిషేధిస్తున్నాయి. కాబట్టి రిఫండ్‌లో వాటా అడిగిన మనిషి దగ్గర లేచి వచ్చేయడం మంచిది.

అమెరికాలో డబ్బు తీసుకుని ఇతరుల రిటర్ను తయారుచేసేవారు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య వేసి సంతకం చేయాలి. అక్కడి తెలుగువారికి ఇది తెలిసిందే. మన దగ్గరా ఈ ఆలోచన కొత్తది కాదు. 2006లో ఆదాయపు పన్ను చట్టంలో 139బి సెక్షన్ చేర్చి, పట్టభద్రులకు శిక్షణ ఇచ్చి రిటర్ను ప్రిపేరర్లుగా గుర్తించే పథకం తెచ్చారు. వారి పేరు, గుర్తింపు సంఖ్య వేయడానికి ఫారంలో గడి కూడా పెట్టారు. ఆ పథకం బయట పనిచేసే వేలాది మందికి మాత్రం అలాంటి గడి లేదు. డబ్బు తీసుకుని రిటర్ను వేసే ప్రతి ఒక్కరికీ నమోదును, ఆ గడిని తప్పనిసరి చేయాలి. పోర్టల్‌లో ఈమెయిలు, ఫోను నంబరు మారిస్తే పాన్‌కు జతపడిన ఆధార్ ఫోనుకు తెలుగులో సందేశం వెళ్లాలి. తప్పుడు క్లెయిము తేలిన ప్రతి కేసులో మొదటి నోటీసు ఆ గడిలోని పేరుకూ అందాలి.