మెడలో గొట్టం ఎన్ని నెలలు?

డయాలసిస్ తప్పదని తెలియగానే విజయవాడలోనైనా గుంటూరులోనైనా ఇంట్లోవాళ్లు ముందు ఖర్చు అడుగుతారు. తర్వాత ఇన్ఫెక్షన్ భయం. ఆసుపత్రిలో మెషిన్ మీద చేయించుకోవాలా, ఇంట్లో పొట్ట ద్వారా చేసుకోవాలా, ఏది సేఫ్ అని. నా ఉద్దేశంలో అంతకన్నా ముందు అడగాల్సింది, మెషిన్‌కి రక్తం ఎక్కడి నుంచి తీస్తున్నారని.

చేతిలో ధమనిని సిరతో కలిపే ఫిస్టులాకి ఇన్ఫెక్షన్ ముప్పు అన్నిటికన్నా తక్కువ. కృత్రిమ నాళంతో చేసే గ్రాఫ్ట్‌కి కాస్త ఎక్కువ. మెడలోనో గజ్జలోనో పెట్టే క్యాథెటర్ అనే గొట్టానికి చాలా ఎక్కువ. దాని ఒక కొస పెద్ద సిరలో ఉంటుంది, ఇంకో కొస ఒంటి బయట. చర్మం మీది స్టాఫ్ (స్టాఫైలోకాకస్) క్రిములు ఆ దారినే రక్తంలోకి దిగుతాయి. డయాలసిస్ రోగులకు స్టాఫ్ రక్త ఇన్ఫెక్షన్ వచ్చే ముప్పు మిగతా పెద్దవాళ్లకన్నా 100 రెట్లు ఎక్కువని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2023లో ప్రకటించింది. అక్కడి పరిస్థితే అది.

ఏ.కొండూరు తండాల నుంచో పల్నాడు పల్లెల నుంచో ఆయాసం ముదిరాక వచ్చిన మనిషికి అప్పటికప్పుడు మెడలో గొట్టం వేయక తప్పదు. దాన్ని తప్పు పట్టలేం. కొద్ది రోజుల కోసం వేసిన గొట్టం నెలల తరబడి అలాగే ఉండిపోవడమే నా బాధ. ఫిస్టులా వాడకానికి రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలైనా పడుతుంది. ‘మందులతో తగ్గుతుందేమో, అప్పుడే ఆపరేషన్ ఎందుకు’ అని ఇంట్లోవాళ్లు ఆగుతారు. వాళ్ల ఆశ అర్థం చేసుకోదగ్గదే, కానీ ఆ ఆలస్యం మెడ మీదికే వస్తుంది.

మన ఎండలకు చెమట పట్టి డ్రెస్సింగ్ అంచులు లేచిపోతాయి. తలస్నానం చేస్తే తడుస్తుంది. మెషిన్ మీద పెట్టిన అరగంటకు వణుకు మొదలైతే ఏసీ చలి అనుకుని దుప్పటి కప్పేస్తారు. గొట్టం ఉన్న మనిషికి చలి జ్వరం వస్తే ముందు రక్తం కల్చర్‌కి (ఏ క్రిమి ఉందో చూసే పరీక్షకి) తీయాలి, ఆ తర్వాతే యాంటీబయోటిక్. గొట్టం మూత తీసేటప్పుడు నర్సు, రోగి ఇద్దరికీ మాస్కు ఉందో లేదో పక్కనున్నవాళ్లు చూడాలి, లేకపోతే మొహమాటపడకుండా అడగాలి.

పొట్ట డయాలసిస్‌లో రక్తం బయటికి రాదు. కాబట్టి సెంటర్లలో భయపెట్టే హెపటైటిస్ బి, సి బెడద చాలావరకు ఉండదు. (మెషిన్ మీదికి వెళ్లేవాళ్లు హెపటైటిస్ బి టీకా కోర్సు పూర్తిగా వేయించుకోవాలి.) దీని ముప్పు పెరిటోనైటిస్, అంటే పొట్ట లోపలి పొరకు ఇన్ఫెక్షన్. పొట్టలోకి ద్రవం ఎక్కించే సంచిని రోజుకు మూడు నాలుగుసార్లు మార్చాలి. మార్చే ముందు ప్రతిసారీ చేతులు కడుక్కోవాలి, మాస్కు పెట్టుకోవాలి, ఎంత ఉక్కగా ఉన్నా ఫ్యాన్ ఆపాలి. బయటికి వచ్చిన ద్రవం సంచి కింద న్యూస్ పేపరు పెడితే అక్షరాలు చదవడానికి రావాలి. మసగ్గా ఉంటే, పొట్ట నొప్పి లేకపోయినా, ఆ రోజే సంచితో సహా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఒకే గదిలో ఉండేవాళ్లు ఇది చేయలేరని కొందరంటారు. నేను ఒప్పుకోను. శుభ్రమైన ఒక మూల, ఓపికగా నేర్పే నర్సు ఉంటే చేయగలరు.

రాష్ట్రంలో డయాలసిస్ రోగులకు నెలకు రూ.10,000 పింఛన్ ఉంది, ఉచిత డయాలసిస్ ఉంది. ఇంకో రెండు కావాలి. మెడలో గొట్టంతో డయాలసిస్ మొదలైన రోగిని ఫిస్టులా ఆపరేషన్ తేదీ రాయకుండా డిశ్చార్జ్ చేయకూడదు. ఇంకా ఎంతమంది ఎన్ని నెలలుగా గొట్టంతోనే ఉన్నారో ప్రతి సెంటరూ నెలనెలా బోర్డు మీద పెట్టాలి.