టాక్ పాలిమరేజ్ గారికి, మంచినీళ్లలో వంజరం దొరికిన సందర్భంగా

విశాఖపట్నం,
మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు.

డీఎన్‌ఏకి నకళ్లు తీసే ఎంజైము, మహారాజశ్రీ టాక్ పాలిమరేజ్ గారి దివ్య సముఖమునకు, మూడేళ్లుగా మీకు పిపెట్ పట్టి సేవ చేస్తున్న రీసెర్చ్ స్కాలర్ నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని రాయబోయి ఆగిపోయాను. మీ కాపురం మైనస్ 20 డిగ్రీల డీప్ ఫ్రీజర్లో. అందులోనూ గడ్డకట్టి ఇబ్బంది పడకుండా సగానికి సగం గ్లిసరాల్ కలిపిన పాకంలో పవళింపు. నేనేమో కూతవేటు దూరంలో సముద్రం ఉన్నా గాలి ఆడని గదిలో, చొక్కా వీపుకి అతుక్కుపోయి, ఈ కాగితం మీద చెమట పడకుండా మోచెయ్యి ఎత్తి రాస్తున్నాను. కుశలం ఒకవైపే ఉంది.

ఇంతకీ మీరు పుట్టింది ఎక్కడ? వేడినీళ్లలో. అమెరికాలో ఎల్లోస్టోన్ పార్కు వేడినీటి బుగ్గల్లో, 70 డిగ్రీల దగ్గర హాయిగా పెరిగే థెర్మస్ అక్వాటికస్ అనే బ్యాక్టీరియా మీ పుట్టిల్లు. 1960ల్లో థామస్ బ్రాక్ అనే ఆయన అక్కడికి వెళ్లి దాన్ని పట్టుకొచ్చారు. అలాంటి పుట్టుక పుట్టిన మీకు ఇక్కడ ఫ్రీజర్ నుంచి బెంచీ దాకా ఉన్న పది అడుగులూ ఐసు డబ్బాలో ఊరేగింపు! ల్యాబులో ఉన్న ఒక్కగానొక్క ఏసీ కూడా మీరు పనిచేసే మెషీన్ వైపే తిరిగి ఉంటుంది. చల్లగా ఉందని కాసేపు అక్కడ నిలబడితే మా అటెండర్ "మిషను కాడ గాలికి అడ్డొచ్చీకండి సార్" అంటాడు.

మీ పనితనాన్ని మాత్రం వంక పెట్టను. కోడిగుడ్డు తెల్లసొన ప్రోటీనే, మీరూ ప్రోటీనే. 95 డిగ్రీల నీళ్లలో పడితే అది రబ్బరులా గట్టిపడి ఊరుకుంటుంది. మీరు ఒళ్లు విరుచుకుని లేస్తారు. ఆ వేడికి డీఎన్‌ఏ జడలోని రెండు పాయలూ విడిపోతాయి. మెషీన్ 54కి చల్లబడగానే, ప్రైమర్లు, అంటే ఇరవై అక్షరాల పాటి డీఎన్‌ఏ తునకలు, తమ చోటు వెతుక్కుని చెరో పాయకీ అతుక్కుంటాయి. మళ్లీ 72కి వేడెక్కితే మీరు రంగంలోకి దిగి సెకనుకి పదుల అక్షరాలు పేర్చుకుంటూ పోతారు. ఒక జడ రెండవుతుంది. మళ్లీ 95. ఇలా ఒక్కో చుట్టూ ఒక సైకిల్. మీకూ ఓపిక అనంతం కాదనుకోండి, ఆ వేడిలో సుమారు నలభై నిమిషాలుంటే మీ బలగం సగానికి పడిపోతుంది. నేనైతే ద్వారకానగర్లో బస్సు కోసం పది నిమిషాలు నిలబడితేనే సగమవుతాను.

మీరు రాకముందు ఈ పని ఈ.కోలై అనే బ్యాక్టీరియా ఎంజైము చేసేది. పాపం అది 95 తగలగానే చచ్చిపోయేది. సైకిల్ సైకిల్‌కీ మూత తీసి కొత్తది పోయాలి. గారెలు ఒక్కో వాయికీ వంటవాణ్ణి మార్చినట్టు! 1983లో పీసీఆర్ అనే ఈ కాపీ పద్ధతి క్యారీ మల్లిస్ అనే శాస్త్రవేత్త బుర్రకి తట్టింది, 1993లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఆయన పనిచేసిన సీటస్ కంపెనీ ఆయనకి పదివేల డాలర్ల బోనస్ ఇచ్చి, తర్వాత ఆ హక్కుల్ని 30 కోట్ల డాలర్లకి అమ్ముకుంది. మీ పుట్టింటికి, అంటే ఆ పార్కుకి, ఒక్క డాలరూ ముట్టలేదు. స్టైపెండు కోసం మూడేసి నెలలు ఎదురుచూసే వాడిగా ఈ ఒక్క విషయంలో మీ వాళ్లంటే నాకు జాలి.

ఇక అసలు సంగతికి వస్తాను.

ఫిషింగ్ హార్బర్ నుంచి ఊళ్లోకి వచ్చాక, తోలూ తలా తీసేసి వంజరం పేరుతో అమ్మే ముక్కలు నిజంగా వంజరమేనా అన్నది నా పరిశోధన. ముక్క వాసన చూసి జాతి చెప్పే విద్య హార్బర్లో చేపలమ్మే అమ్మలకి ఉంది కానీ, వాళ్ల మాట థీసిస్‌లో చెల్లదు. అందుకని కణంలోని మైటోకాండ్రియాలో, జాతిని బట్టి తేడా చూపే సీఓఐ అనే జన్యువు నుంచి 650 అక్షరాల పాటి ముక్కని మీ చేత కాపీ చేయించి చదివించాలి. పక్కనే ఆనవాయితీగా ఒక నెగెటివ్ కంట్రోల్ పెడతాం. అందులో అన్నీ ఉంటాయి, చేప డీఎన్‌ఏ తప్ప. దాని బదులు శుద్ధమైన నీళ్లు. కాపీ అయిన డీఎన్‌ఏ గీతగా కనపడే జెల్ మీద ఆ వరుస ఖాళీగా ఉండాలి.

పోయిన సోమవారం ఆ వరుసలో గీత వచ్చింది. లేత గీతా కాదు, విభూతి రేఖంత స్పష్టంగా, సరిగ్గా వంజరం గీతకి సమానంగా. అటెండర్ నా భుజం మీంచి తొంగి చూసి, "నీళ్లల్లో చేప నేకపోతే ఇంకెక్కడుంటాది సార్?" అన్నాడు.

నీళ్లు మార్చాను. గీత వచ్చింది. ప్రైమర్లు మార్చాను. వచ్చింది. అటెండర్ క్యారేజీలో చేపల పులుసు ఉందని అనుమానించి, ఆయన్ని వారం రోజులు మెట్ల మీద కూర్చుని తినమన్నాను. (ఆయన ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడడం లేదు.) అయినా వచ్చింది. చివరికి తేలిందేమంటే, పాత రన్ ట్యూబుల మూతలు నేనే, అదే బెంచీ మీద, అదే పిపెట్ పక్కన టపటపా తెరిచాను. మూత తెరుచుకున్నప్పుడు లేచే తుంపర కంటికి కనపడదు. కానీ ఒక్క ముక్క ముప్పై సైకిళ్లు సరిగ్గా రెట్టింపు అవుతూ పోతే లెక్క ప్రకారం 107 కోట్లు దాటుతుంది. ఆ తుంపరలో ఉన్నది ఒక్క ముక్క కాదు.

నా తప్పేనని ఒప్పుకుంటాను. కానీ మీరు ఒక్కసారైనా అడగాలి కదా! ఏయూ దగ్గర జిరాక్సు కుర్రాడికి నిన్నటి కాగితమే మళ్లీ ఇస్తే "సార్, ఇది నిన్న తీయించారు కదా" అంటాడు. మీకు అదేం లేదు. అసలైనా తుంపరైనా ఒకటే భక్తి. పోనీ రాసింది వెనక్కి తిరిగి చూసి దిద్దుకుంటారా అంటే, ఆ గుణం మీకు పుట్టుకతోనే లేదు. పెద్ద వాల్తేరులో పుట్టిన పుకారు గాజువాక చేరేసరికి మారిపోయినట్టు, ఒక అక్షరం తప్పు పడితే ఆ తప్పునీ రెట్టింపు చేస్తూ పోతారు. ఇటలీలో వల్కానో దీవి దగ్గర సముద్రపు వేడిలో దొరికిన పైరోకాకస్ అనే సూక్ష్మజీవి వారి ఆడపడుచు ఫ్యూ పాలిమరేజ్ ఉంది. రాసినది దిద్దుకుంటుంది. నెమ్మది మనిషి, ధర ఎక్కువ. మా గైడుగారు ధర చూసి మీతోనే సర్దుకోమన్నారు.

ఈ రోజు కొత్త టిప్పులు, కొత్త నీళ్లు, బ్లీచింగుతో తుడిచిన బెంచీ. చీటీలో ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటూ కలిపాను. పెద్దవారు సభకి చివర్న వచ్చినట్టు మిమ్మల్ని చివర్న వేయడం మా ఆచారం. మెషీన్ 35 సైకిళ్లకి పెట్టి, ఆ ఖాళీలో ఈ ఉత్తరం మొదలుపెట్టాను. కరెంటు పోకుండా సింహాద్రి అప్పన్నకి దండం పెట్టుకున్నాను.

ఇట్లు,
మీ విధేయుడు.

తా.క.: రాత్రి ఎనిమిదయింది. జెల్ చూశాను. నీళ్ల వరుస ఖాళీ! కేక పెట్టబోయాను. పక్కన వంజరం వరుసలూ ఖాళీయే. తప్పకుండా గీత రావాల్సిన పాజిటివ్ కంట్రోల్ కూడా ఖాళీ. పొడవులు కొలవడానికి పక్కన వేసే ల్యాడర్ ఒక్కటే మెట్లు మెట్లుగా వెలుగుతోంది. చీటీ తీసి చూస్తే అన్నిటికీ టిక్కులున్నాయి, మీ పేరు దగ్గర తప్ప. మీరు బల్ల మీద ఐసు డబ్బాలో, కరిగిపోయిన నీళ్లలో, మూతైనా తియ్యని ట్యూబులో తేలుతున్నారు.